మెయిల్ సర్వర్ డేటాబేస్‌ని కుదించడం: ఈఎస్ఈ-యుటిల్ కొట్టే ముందు, కొట్టాక

మైక్రోసాఫ్ట్ వాళ్ళ మెయిల్ సర్వర్ ఎక్స్ఛేంజ్‌లో డేటాబేస్ ఉన్న డ్రైవ్ నిండిపోయి ఎర్రగా మారగానే మన దగ్గర ఎక్కువమంది చేసే మొదటి పని, పాత మెయిళ్ళు తీసెయ్యండని ఆఫీసు మొత్తానికీ మెయిల్ పెట్టడం. అందరూ కూర్చుని తీసేస్తారు. వారం తర్వాత చూస్తే ఈడీబీ ఫైల్ (మెయిళ్ళన్నీ ఉండే డేటాబేస్ ఫైల్) ఎంత ఉండేదో అంతే ఉంటుంది, ఒక్క ఎంబీ కూడా తగ్గదు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్, ఎవరో ఒకరు "ఈఎస్ఈ-యుటిల్ స్లాష్ డి కొట్టెయ్, అదే తగ్గిపోతుంది" అంటారు. తగ్గుతుంది, నిజమే. కానీ దాన్ని ఎప్పుడు కొట్టాలి, అసలు కొట్టాలా వద్దా, కొట్టే ముందు ఏం చూసుకోవాలి అన్నది తెలియకుండా కొడితే ఆఫీసు మొత్తం మెయిల్ ఆగిపోయి రాత్రంతా సర్వర్ రూమ్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

విశాఖలో ఇప్పటికీ మెయిల్ సర్వర్‌ని సొంత గదిలో పెట్టుకున్న ఆఫీసులు చాలానే ఉన్నాయి. పోర్టు చుట్టుపక్కల షిప్పింగ్ ఏజెన్సీలు, క్లియరింగ్ ఆఫీసులు, రొయ్యల ఎగుమతి చేసేవాళ్ళు, ఆటోనగర్ యూనిట్లు. వీటన్నిటిలో మెయిల్ అంటే అటాచ్‌మెంట్లే. స్కాన్ చేసిన బిల్ ఆఫ్ లేడింగులు, ఇన్వాయిసులు, ప్యాకింగ్ లిస్టులు, అవే ఫైళ్ళు పదిమందికి కాపీలో పెట్టి మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటాయి, అందుకే డేటాబేస్ అంత తొందరగా ఉబ్బుతుంది. ఐటీ అంటే ఒక్కరే ఉండే అలాంటి ఆఫీసుల్లో సర్వర్ చూసుకునేవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లన్నీ ఇక్కడ ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకున్నట్టే తెలుగులో రాస్తున్నాను, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఈఎస్ఈ-యుటిల్ అన్నది ఎక్స్ఛేంజ్‌తోనే వచ్చే డేటాబేస్ కమాండ్, కొట్టేటప్పుడు ఈ, ఎస్, ఈ, వెంటనే యుటిల్, మధ్యలో ఖాళీ గానీ గీత గానీ ఉండదు. డి, ఎంహెచ్, టి, పి లాంటి స్విచ్‌లకి ముందు స్లాష్ ఉంటుంది. డేటాబేస్ పేరులో ఖాళీలుంటే (చాలాసార్లు ఉంటాయి) ఫైల్ దారి మొత్తాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి.

ఫైల్ ఎందుకు తగ్గదు

ఎక్స్ఛేంజ్ తన డేటాని ఎక్స్‌టెన్సిబుల్ స్టోరేజ్ ఇంజిన్ అనే దానిలో పెడుతుంది, ఈఎస్ఈ అంటే అదే. డేటా అంతా పేజీలుగా ఉంటుంది. 2003 వెర్షన్‌లో ఒక్కో పేజీ 4 కేబీ, 2007లో 8 కేబీ, 2010 నుంచి 32 కేబీ. యూజర్ మెయిల్ తీసేసిన క్షణంలో ఆ పేజీలేమీ ఖాళీ కావు. డిలీటెడ్ ఐటమ్స్ ఫోల్డర్ నుంచి కూడా తీసేశాక అది రికవరబుల్ ఐటమ్స్‌లోకి వెళ్ళి మీరేమీ మార్చకపోతే 14 రోజులు అక్కడే ఉంటుంది. తీసేసిన మెయిల్‌బాక్స్ అయితే 30 రోజులు. ఆ గడువు దాటాక మెయింటెనెన్స్ వచ్చి పేజీలను ఖాళీ అని గుర్తుపెడుతుంది. అలా ఖాళీ అయిన చోటునే వైట్ స్పేస్ అంటాం.

గోడౌన్‌లో సరుకు ఖాళీ అయినంత మాత్రాన గోడలు దగ్గరికి జరగవు కదా, ఈడీబీ ఫైల్ కూడా అంతే. లోపల ఎంత ఖాళీ ఉన్నా విండోస్‌కి ఫైల్ సైజు పాతదే కనిపిస్తుంది. అయితే ఆ ఖాళీ వృథా కాదు, కొత్తగా వచ్చే మెయిళ్ళు ముందు ఆ ఖాళీ పేజీల్లోకే వెళ్తాయి, అవి నిండాకే ఫైల్ పెరుగుతుంది. ఈ ఒక్క విషయం మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం కేసుల్లో డీఫ్రాగ్ (పైన చెప్పిన స్లాష్ డి చేసే పని) అవసరమే ఉండదు.

రెండు రకాల డీఫ్రాగ్‌లని కలిపేసుకోవద్దు. ఆన్‌లైన్ డీఫ్రాగ్ అనేది సర్వర్ తనంతట తాను చేసుకునేది, 2007 వరకు రాత్రి మెయింటెనెన్స్ టైములో నడిచేది, 2010 నుంచి రోజంతా వెనకాల నడుస్తూనే ఉంటుంది. అది లోపల సర్దుతుంది, ఫైల్‌ని తగ్గించదు. ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ మనం ఈఎస్ఈ-యుటిల్‌తో చేసేది. ఇది పాత ఫైల్‌లో పనికొచ్చే పేజీలన్నిటినీ చదివి, ఒక కొత్త ఫైల్‌ని మొదటి నుంచి రాస్తుంది. అసలు కుదించడం అన్నది ఇక్కడ జరిగేదే కాదు, జరిగేది కొత్త ఫైల్ రాయడం. దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి, కింద చెప్పబోయే జాగ్రత్తలన్నీ దీని నుంచే వస్తాయి.

ముందు కొలవండి

ఎక్స్ఛేంజ్ మేనేజ్‌మెంట్ షెల్ తెరిచి గెట్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్ కమాండ్‌ని స్టేటస్ స్విచ్‌తో కొట్టండి, అందులో డేటాబేస్‌సైజ్, అవైలబుల్‌న్యూమెయిల్‌బాక్స్‌స్పేస్ అనే రెండు కాలమ్స్ చూడండి. స్టేటస్ పెట్టకపోతే ఆ రెండూ ఖాళీగా వస్తాయి. మొదటిది ఫైల్ మొత్తం, రెండోది అందులో ఖాళీ. 2003, 2007 వాడేవాళ్ళు ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 1221 నెంబరు ఈవెంట్ కోసం వెతికేవాళ్ళు, ఎన్ని ఎంబీలు ఖాళీగా ఉన్నాయో అందులో ఉండేది. 2010 నుంచి ఆ ఈవెంట్ రాదు, కాబట్టి దానికోసం వెతుకుతూ కూర్చోవద్దు.

ఇప్పుడు లెక్క. 400 జీబీ ఫైల్‌లో 30 జీబీ ఖాళీ ఉందనుకోండి, వదిలెయ్యండి. ఆ 30 జీబీ కొన్నాళ్ళలో మళ్ళీ నిండిపోయేదే, దానికోసం ఒక రాత్రి సర్వీసు ఆపడం దండగ. అదే 180 జీబీ ఫైల్‌లో 110 జీబీ ఖాళీ ఉంటే ఆలోచించాలి. అలాంటి ఖాళీ మామూలు వాడకంతో రాదు, ఏదో పెద్ద మార్పు జరిగినప్పుడు వస్తుంది: ఒక బ్రాంచి మూసేసి ఆ మెయిల్‌బాక్సులన్నీ తీసేశారు, లేదా పాత మెయిళ్ళని ఆర్కైవ్‌లోకి పంపారు, లేదా సగం మందిని క్లౌడ్‌కి మార్చారు. ఆ ఖాళీ తొందరలో నిండదని మీకు తెలిసి, డ్రైవ్‌లో చోటు నిజంగా కావాలంటేనే ముందుకెళ్ళండి. సర్వర్ స్లోగా ఉందని డీఫ్రాగ్ చేద్దామనుకునేవాళ్ళు ఆగండి, స్లోకి కారణం ఎక్కువగా డిస్కు వేగమో, మెమరీనో, ఒక్కో ఫోల్డర్‌లో పేరుకుపోయిన ఐటమ్సో అయి ఉంటుంది. ఈ పనితో అవేవీ బాగుపడవు.

చాలామందికి ఇంతకంటే మంచి దారి ఉంది

2010 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ వాడుతుంటే, ఇంకో డ్రైవ్‌లో చోటు ఉంటే, నా మాట విని ఈఎస్ఈ-యుటిల్ జోలికే వెళ్ళకండి. కొత్త డేటాబేస్ ఒకటి తయారుచేసి మెయిల్‌బాక్సులని అందులోకి మార్చెయ్యండి. మైక్రోసాఫ్ట్ చెప్పేదీ ఇదే. న్యూ-మెయిల్‌బాక్స్‌డేటాబేస్‌తో డేటాబేస్, తర్వాత న్యూ-మూవ్‌రిక్వెస్ట్. మూవ్ జరుగుతున్నంతసేపూ యూజర్ మెయిల్ వాడుకుంటూనే ఉంటారు, చివర్లో కాసేపు ఆగుతుంది, ఔట్‌లుక్ మూసి తెరవమని అడుగుతుంది, అంతే. పది మెయిల్‌బాక్సులు ఈ రాత్రి, పది రేపు, ఇలా మీ వీలునిబట్టి చేసుకోవచ్చు. మధ్యలో ఏదైనా ఆగిపోయినా ఆ ఒక్క మెయిల్‌బాక్స్ పాత చోటే ఉంటుంది తప్ప మిగతావాళ్ళకి ఏమీ కాదు.

ఇందులో నాలుగు చోట్ల జనం చిక్కుకుంటారు. మూవ్ చేసినంత డేటాకీ లాగ్ ఫైళ్ళు (సర్వర్ ప్రతి మార్పునీ ముందు రాసుకునేవి) పుడతాయి, ఒక్కోటి 1 ఎంబీ, 50 జీబీ మార్చితే దాదాపు 50 వేల లాగ్ ఫైళ్ళు అన్నమాట. లాగ్ డ్రైవ్ చిన్నదైతే అది నిండి కొత్త డేటాబేసే డిస్‌మౌంట్ అయిపోతుంది, అంటే అందులోని మెయిల్‌బాక్సులు తెరుచుకోవు, కాబట్టి మధ్య మధ్యలో బ్యాకప్ నడిపి లాగ్‌లు ఖాళీ చేస్తూ ఉండాలి. రెండోది, 2013 నుంచి కొత్త డేటాబేస్ చేర్చాక ఇన్ఫర్మేషన్ స్టోర్ సర్వీసుని రీస్టార్ట్ చెయ్యమని హెచ్చరిక వస్తుంది, అది అందర్నీ ఓసారి కదిలిస్తుంది గనుక ఆఫీసు టైములో చెయ్యకండి. మూడోది, స్టాండర్డ్ ఎడిషన్‌లో 5 డేటాబేసులే మౌంట్ అవుతాయి, ఇప్పటికే అయిదూ ఉంటే ముందు ఒకటి ఖాళీ చేసుకోవాలి. నాలుగోది, మామూలు మెయిల్‌బాక్సులన్నీ వెళ్ళిపోయాయి కదా అని పాత డేటాబేస్ తీసెయ్యబోతే ఇంకా మెయిల్‌బాక్సులున్నాయని ఒప్పుకోదు. ఆర్బిట్రేషన్, ఆర్కైవ్, ఆడిట్ లాగ్, పబ్లిక్ ఫోల్డర్ మెయిల్‌బాక్సులు మామూలు గెట్-మెయిల్‌బాక్స్‌లో కనిపించవు, ఒక్కోదాన్ని దాని స్విచ్ పెట్టి వెతికి మార్చాలి. రిమూవ్-మెయిల్‌బాక్స్‌డేటాబేస్ కొట్టాక కూడా ఈడీబీ ఫైల్ డిస్కు మీదే ఉంటుంది, దాన్ని చేత్తో తీసెయ్యాలి.

ఇంకో సంగతి. 2016, 2019 వెర్షన్లకి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. మీరు 2016 మీద ఉంటే, వాటి తర్వాతి వెర్షన్ అయిన సబ్‌స్క్రిప్షన్ ఎడిషన్‌కి వెళ్ళడానికి ఎలాగూ కొత్త సర్వర్ పెట్టి మెయిల్‌బాక్సులు అక్కడికి మార్చాల్సిందే. ఆ పనిలో డేటాబేస్ దానంతట అదే చిక్కగా తయారవుతుంది. రెండు నెలల్లో ఆ పని ఉందని తెలిసి ఇప్పుడు ఆఫ్‌లైన్ డీఫ్రాగ్ చెయ్యడం రెండుసార్లు కష్టపడటమే. డీఏజీ (ఒకే డేటాబేస్‌కి వేర్వేరు సర్వర్లలో కాపీలు ఉంచే ఏర్పాటు) పెట్టుకున్నవాళ్ళకైతే కొత్త డేటాబేస్ తప్ప వేరే మాటే వద్దు, డీఫ్రాగ్ చేస్తే మిగతా కాపీలన్నిటినీ మళ్ళీ మొదటి నుంచి సీడ్ చెయ్యాలి, అంటే పూర్తిగా కాపీ చెయ్యాలి.

ఈఎస్ఈ-యుటిల్ తప్పనిసరి అయితే

ఇంకో డేటాబేస్‌కి లైసెన్సు లేదు, లేదా పాత వెర్షన్, లేదా తాత్కాలికంగా ఒక డిస్కు మాత్రమే దొరికింది. సరే, చేద్దాం.

మొదట టైము. డేటాబేస్ డిస్‌మౌంట్ అయి ఉన్నంతసేపూ అందులోని మెయిల్‌బాక్సులేవీ తెరుచుకోవు. బయటినుంచి వచ్చే మెయిల్ మాత్రం పోదు, ట్రాన్స్‌పోర్ట్ సర్వీసు నడుస్తుంటే క్యూలో ఆగుతుంది, మామూలుగా 2 రోజుల వరకు ఆగి ఆ తర్వాతే వెనక్కి వెళ్తుంది. క్యాష్డ్ మోడ్‌లో (మెయిళ్ళ కాపీ సొంత కంప్యూటర్‌లో ఉండేలా) ఔట్‌లుక్ వాడేవాళ్ళకి పాత మెయిళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. ఈ రెండు మాటలూ మేనేజర్‌కి ముందే చెబితే గాభరా సగం తగ్గుతుంది. మన షిప్పింగ్ ఆఫీసులకి రాత్రి, ఆదివారం అనే తేడా లేదు, పోర్టు ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది, అవతలి దేశంలో పొద్దున్న ఇక్కడ అర్ధరాత్రి. కాబట్టి "శనివారం రాత్రి చేసేద్దాం" అని మీరే అనుకోకుండా ఆపరేషన్స్ వాళ్ళని అడగండి, నౌక బెర్త్ మీద ఉన్న రాత్రి వద్దు, డాక్యుమెంట్లు వెళ్ళాల్సిన రాత్రి అసలే వద్దు. నేనైతే సంక్రాంతికి ఓటేస్తాను. భోగి ముందు రోజు సాయంత్రానికి ఆఫీసులో సగం మంది ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం, విజయనగరం బస్సుల కోసం నిలబడి ఉంటారు, కనుమ దాటేదాకా తిరిగి రారు.

కరెంటు సంగతి కూడా చూడండి. ఈపీడీసీఎల్ వాళ్ళు లైన్ల మరమ్మతు కోసం షట్‌డౌన్ ప్రకటిస్తుంటారు, మీ ఏరియా ఆ రోజు జాబితాలో ఉందేమో పేపర్లో చూసుకోండి. యూపీఎస్ అరగంట నిలబడుతుంది, ఈ పని గంటల తరబడి సాగుతుంది, జనరేటర్‌లో డీజిల్ ఉందా అన్నది ముందే తేల్చుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినిపిస్తే వాయిదా వెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు, అది చూసినవాళ్ళకి ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

తర్వాత చోటు. మొత్తం సైజులోంచి ఖాళీ తీసేసి, మిగిలినదానికి పది శాతం కలపండి. పై ఉదాహరణలో 180లో 110 పోతే 70, దానికి పది శాతం కలిపితే 77 జీబీ. ఇది కనీసం. వీలైతే ఫైల్ మొత్తం సైజుకి పది శాతం ఎక్కువ చోటు చూసుకుంటే మధ్యలో ఆగిపోతుందన్న భయం ఉండదు. ఆ డిస్కు సర్వర్‌కి నేరుగా తగిలించినదై ఉండాలి, నెట్‌వర్క్ ఫోల్డర్ మీద ఈ పని పెట్టుకోకండి.

తర్వాత బ్యాకప్, పూర్తి బ్యాకప్. అది రీస్టోర్ అవుతుందని చూడని బ్యాకప్‌ని లెక్కలోకి తీసుకోవద్దు. దీనికి ఒక పద్ధతి చెబుతాను, రెండు పనులు ఒకేసారి అవుతాయి. ఆ బ్యాకప్‌ని ఇంకో మిషన్ మీద రీస్టోర్ చేసి, లాగ్‌లు ఆడించి (వాటిలోని మార్పులని డేటాబేస్‌లోకి ఎక్కించి) క్లీన్ షట్‌డౌన్‌కి తెచ్చి, అక్కడ ఓసారి డీఫ్రాగ్ నడపండి. బ్యాకప్ మంచిదే అని తేలుతుంది, ఎంతసేపు పడుతుందో దాదాపుగా తెలుస్తుంది, కొత్త ఫైల్ ఎంతకి దిగుతుందో కచ్చితంగా తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో గంటకి ఇన్ని జీబీలు అని చెప్పే లెక్కలు వేరే డిస్కులవి, మీ డిస్కు చెప్పిందే నమ్మండి.

ఆ రాత్రి బ్యాకప్ షెడ్యూల్‌ని ఆపండి, విండోస్ అప్‌డేట్లు రీస్టార్ట్ చెయ్యకుండా ఆపండి, యాంటీవైరస్ పాత ఈడీబీ, కొత్త ఫైల్ ఉండే రెండు ఫోల్డర్ల జోలికి రాకుండా ఎక్స్‌క్లూజన్ పెట్టండి. డేటాబేస్ ప్రాపర్టీస్‌లో మౌంట్‌ఎట్‌స్టార్టప్‌ని ఫాల్స్ చెయ్యండి, లేకపోతే మధ్యలో సర్వర్ రీస్టార్ట్ అయినా, ఎవరైనా సర్వీసు రీస్టార్ట్ చేసినా డేటాబేస్ మౌంట్ అయిపోయి కొత్త మెయిళ్ళు పాత ఫైల్‌లోకి వెళ్ళిపోతాయి, మీరు తయారుచేస్తున్న ఫైల్‌లో అవి ఉండవు.

ఇక డిస్‌మౌంట్-డేటాబేస్. అయ్యాక అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి మొదట కొట్టాల్సింది ఈఎస్ఈ-యుటిల్ స్లాష్ ఎంహెచ్, పక్కన ఈడీబీ ఫైల్ దారి. తెర నిండా వివరాలు వస్తాయి, అందులో స్టేట్ అన్న లైను ఒక్కటి చదవండి. క్లీన్ షట్‌డౌన్ అని ఉంటే ముందుకి. డర్టీ షట్‌డౌన్ అని ఉంటే ఆగండి, కొన్ని మార్పులు ఇంకా లాగ్‌లలోనే ఉన్నాయని, డేటాబేస్‌లోకి చేరలేదని దానర్థం. డేటాబేస్‌ని మళ్ళీ మౌంట్ చేసి శుభ్రంగా డిస్‌మౌంట్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది, లేదంటే స్లాష్ ఆర్‌తో లాగ్‌లని ఆడించాలి. డర్టీగా ఉన్నదాన్ని డీఫ్రాగ్ చెయ్యబోతే మైనస్ 550 అనే ఎర్రర్ వచ్చి అదే నిరాకరిస్తుంది.

తర్వాత స్లాష్ కె. ఇది ప్రతి పేజీ చెక్‌సమ్ (డేటా చెడిందా లేదా తేల్చే లెక్క) చూస్తుంది, టైము తీసుకుంటుంది, అయినా వదలొద్దు. చెడిన పేజీలు ఒక్కటి కూడా ఉండకూడదు. ఉంటే (మైనస్ 1018 అనే నెంబరు కనిపిస్తే అదే) డీఫ్రాగ్ మాట మరిచిపోయి డిస్కు, కంట్రోలర్ సంగతి చూడండి, ఆరోగ్యం బాగాలేని డేటాబేస్‌ని డీఫ్రాగ్ బాగుచెయ్యదు.

ఇప్పుడు అసలు కమాండ్. ఈఎస్ఈ-యుటిల్ స్లాష్ డి, డేటాబేస్ దారి, స్లాష్ టి, వెంటనే ఖాళీ కొట్టకుండా ఇంకో డ్రైవ్‌లో కొత్త ఫైల్ దారి, చివర స్లాష్ పి. ఒక్కోటి ఎందుకో చెబుతాను. స్లాష్ టి పెట్టకపోతే కొత్త ఫైల్ మీరు ఏ ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ కొట్టారో అక్కడే తయారవుతుంది. చాలామంది ఎక్స్ఛేంజ్ బిన్ ఫోల్డర్‌లో నిలబడి కొడతారు, అది సి డ్రైవ్. 77 జీబీ సి డ్రైవ్ మీద పడితే ఏమవుతుందో తెలిసిందే, మైనస్ 1808, డిస్క్ ఫుల్. చివరి స్లాష్ పి, పాత ఫైల్‌ని ముట్టుకోవద్దు, కొత్తదాన్ని దాని చోటే ఉంచు అని చెబుతుంది. అది లేకపోతే పని అయ్యాక పాతదాని స్థానంలోకి కొత్తదాన్ని అదే తెచ్చిపెట్టేస్తుంది. వేరే డ్రైవ్ నుంచి తేవడం అంటే మొత్తం ఫైల్ కాపీ కావడం, ఆ టైములో కరెంటు పోతే ఎటూ కాకుండా పోతుంది. ఆ పని మన చేత్తో మనం చేసుకుంటే పాతది భద్రంగా ఉంటుంది.

ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే చిక్కు ఒకటుంది. స్లాష్ డి తర్వాత వచ్చే స్లాష్ పి అంటే పాతదాన్ని ఉంచమని. అదే స్లాష్ పిని మొదటి స్విచ్‌గా కొడితే అది రిపేర్. రిపేర్ అంటే అర్థం కాని పేజీలని తీసి పారేసి మిగిలినదాన్ని నిలబెట్టడం, మెయిళ్ళు పోతాయి. ఎంటర్ కొట్టే ముందు లైనుని ఎడమ నుంచి కుడికి ఓసారి వేలు పెట్టి చదవండి, మొదట డి ఉందా అని. దెబ్బతిన్న డేటాబేస్ మీద మాత్రమే రిపేర్ చెయ్యాలి అనే హెచ్చరిక పెట్టె ఏదైనా తెర మీదికి వస్తే మీరు తప్పు కమాండ్ కొట్టారన్నమాటే, క్యాన్సిల్ నొక్కండి. రిపేర్ చేసిన డేటాబేస్‌ని అలాగే వాడుకుంటూ పోతే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ కూడా ఉండదు, అందులోంచి మెయిల్‌బాక్సులని బయటికి మార్చేయాల్సిందే.

మైనస్ 1032 వస్తే ఫైల్‌ని ఇంకెవరో పట్టుకుని ఉన్నారని, బ్యాకప్ ఏజెంటో, యాంటీవైరస్సో, లేదా డేటాబేస్ ఇంకా డిస్‌మౌంట్ కాలేదో.

పని మొదలయ్యాక తెర మీద 0 నుంచి 100 దాకా ఒక స్కేలు గీసుకుని, దాని కింద చుక్కలు ఒక్కోటే పడుతుంటాయి. సమానంగా పడవు. ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య చాలాసేపు కదలిక లేనట్టే ఉంటుంది, పెద్ద టేబుల్ దగ్గర మరీను. హ్యాంగ్ అయిందనుకుని కంట్రోల్ సి కొట్టేవాళ్ళని చూశాను, వద్దు. టాస్క్ మేనేజర్ తెరిచి డిస్కు రాతలు జరుగుతున్నాయా, టి దారిలో ఉన్న ఫైల్ పెరుగుతోందా అని చూడండి, పెరుగుతుంటే అది బతికే ఉంది. ఇంకోటి, ఆ నల్ల కిటికీలో మౌస్‌తో క్లిక్ చెయ్యకండి. క్విక్ ఎడిట్ ఆన్‌లో ఉంటే క్లిక్ చెయ్యగానే టెక్స్ట్ సెలెక్ట్ మోడ్‌లోకి వెళ్ళి, తర్వాతి చుక్క రాయబోయే చోట ప్రోగ్రామే ఆగి నిలబడుతుంది. కిటికీ టైటిల్‌లో సెలెక్ట్ అన్న మాట కనిపిస్తే ఎస్కేప్ నొక్కండి, మళ్ళీ కదులుతుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో చేస్తుంటే, పాలసీ ప్రకారం ఖాళీగా ఉన్న సెషన్లు లాగాఫ్ అయ్యే చోట మీ పని కూడా సెషన్‌తోపాటు పోతుంది, కాబట్టి ఇలాంటివి సర్వర్ ముందే కూర్చుని చెయ్యడం నయం.

మధ్యలో నిజంగానే ఆగిపోతే? కొత్త ఫైల్ పనికిరాదు, తీసెయ్యండి. పాతదాన్ని మనం మార్చలేదు, స్లాష్ ఎంహెచ్‌తో స్టేట్ చూసి మౌంట్ చేసుకోండి, ఆఫీసు నడుస్తుంది, ఇంకో రోజు చూసుకోవచ్చు. స్లాష్ పి పెట్టమన్నది ఇందుకే.

పని అయ్యాక

కొత్త ఫైల్ మీద కూడా స్లాష్ ఎంహెచ్, స్లాష్ కె రెండూ కొట్టండి. బాగుంటే పాత ఈడీబీ పేరు మార్చి పక్కన పెట్టండి, చోటు లేకపోతే ఇంకో డిస్కుకి తరలించండి. ఇప్పుడే తీసెయ్యకండి. కొత్తదాన్ని పాత ఫోల్డర్‌లోకి, అక్షరం తేడా లేకుండా పాత పేరుతో పెట్టి మౌంట్-డేటాబేస్ కొట్టండి. మౌంట్ అయ్యాక ఒక బయటి మెయిల్ ఐడీ నుంచి మెయిల్ పంపి వచ్చిందా, ఇక్కడినుంచి వెళ్ళిందా చూడండి, క్యూ వ్యూయర్‌లో ఆగి ఉన్న మెయిళ్ళు దిగిపోతున్నాయా చూడండి. మొదటి అయిదు పది నిమిషాలు క్యూ మీదే కన్నుంచండి.

ఆ వెంటనే, నిద్రకి వెళ్ళకముందే, కొత్తగా పూర్తి బ్యాకప్ మొదలుపెట్టండి. డీఫ్రాగ్ చేసిన ఫైల్‌కి డేటాబేస్ సిగ్నేచర్ (ఏ లాగ్‌లు ఏ డేటాబేస్‌వో చెప్పే గుర్తు) మారిపోతుంది, దానర్థం పాత బ్యాకప్‌ని రీస్టోర్ చేసి దానిమీద ఈ రోజు నుంచి వచ్చే లాగ్‌లని ఆడించడం కుదరదు. పాత బ్యాకప్ డీఫ్రాగ్‌కి ముందున్న స్థితికే తీసుకెళ్ళగలదు. అంటే కొత్త బ్యాకప్ అయ్యేదాకా ఆఫీసుకి వచ్చే ప్రతి మెయిల్ ఒక్క డిస్కు మీద ఆధారపడి ఉంది. ఈ ఒక్క అడుగు రేపు చూద్దాంలే అని వదిలేసేవాళ్ళు చాలామంది, దయచేసి వదలొద్దు. ఇంక్రిమెంటల్ చాలదు, ఫుల్లే కావాలి.

మౌంట్‌ఎట్‌స్టార్టప్‌ని మళ్ళీ ట్రూ చెయ్యడం మరిచిపోకండి, లేకపోతే వచ్చే నెల ఏదో అప్‌డేట్‌కి సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు పొద్దున్నే ఎవరికీ మెయిల్ ఉండదు, కారణం ఎవరికీ తట్టదు. ఆపిన బ్యాకప్ షెడ్యూల్, అప్‌డేట్లు తిరిగి ఆన్ చెయ్యండి.

కొత్త బ్యాకప్ ఒకటి పూర్తయి, దాన్ని రీస్టోర్ చేసి చూసుకుని, ఒక పని వారం ఏ ఫిర్యాదూ లేకుండా గడిచాక పాత ఈడీబీని తీసెయ్యండి. ఆ తర్వాత వారానికోసారి డేటాబేస్‌సైజ్, ఖాళీ రెండు అంకెలూ ఒక షీట్‌లో రాసిపెట్టుకోండి. మెయిల్‌బాక్స్‌లకి కోటా లేకపోతే ఇప్పుడే పెట్టండి, హెచ్చరిక ఒక సైజు దగ్గర, పంపడం ఆగేది ఇంకొంచెం పైన. స్కాన్ చేసే మిషన్‌లో రంగు స్కాన్ బదులు నలుపు తెలుపు, 600 బదులు 200 డీపీఐ పెట్టి చూడండి, డాక్యుమెంట్ చదవడానికి ఏ లోటూ ఉండదు, ఒక్కో పీడీఎఫ్ ఎంత తగ్గుతుందో మీ కళ్ళతో మీరే చూస్తారు.